జెనిఫర్ చేసిన సిరా

జెనిఫర్ వాళ్ళది పుంగనూరు. అన్న ఫిలిప్ మదనపల్లె మార్కెట్టుకు టమోటా బండి తోలేవాడు. ఒక వానాకాలం జ్వరం ముదిరి అక్కడే ఆస్పత్రిలో చేరాడు. డాక్టరు రాసిన ఇంజెక్షన్లు జెనిఫరే బయట కొట్లో కొని తెచ్చింది. పెట్టె, ముద్ర, మెరిసే స్టిక్కరు అన్నీ సరిగానే ఉన్నాయి. లోపలి సీసాల్లో ఉన్నది మాత్రం అసలు మందే కాదు. ఆ సంగతి పరీక్షలో తేలేసరికి ఫిలిప్‌ను సమాధి చేసి చాలా రోజులైంది.

ఆమె ఏడవలేదు. కుప్పంలో తను పరిశోధన చేసే ల్యాబుకు తిరిగి వెళ్ళింది. అక్కడ ఆమె పని చీకట్లో వెలిగే పదార్థాల మీద. గిన్నెలాంటి పెద్ద అణువులో రంగు అణువును కదలకుండా ఇరికిస్తే, దీపం తీసేశాక కూడా అది కాసేపు వెలుగుతుంది. ఒక రకం కాంతి చూపితే ఆ గుణం వస్తుంది, మరో రకం చూపితే పోతుంది. జీవకణాల ఫొటోలు తీయడానికి అది పనికొస్తుందని మొదలుపెట్టింది. ఇప్పుడు గైడు దేవరాజులు గారి దగ్గరికి వెళ్ళి, "సార్, దీంతో సిరా చేస్తాను. మందు పెట్టెల మీద గుర్తు వేసేదానికి," అంది.

"యాల మారుస్తాండావమ్మా? సగం దూరం వచ్చినావు గదా."

అలా అన్నాక ఆయనకు ఆమె అన్న సంగతి గుర్తొచ్చింది. "సరే, చెయ్యి," అన్నాడు.

చాలాకాలం పట్టింది. చివరికి ఒక మధ్యాహ్నం, తలుపులు మూసిన గదిలో, దీపం ఆర్పాక తెల్లకాగితం మీద గుర్తు పసుప్పచ్చగా వెలిగింది. నీలం కాంతి చూపితే మాయమైంది. అతినీలలోహిత కాంతి చూపితే మళ్ళీ వచ్చింది. తోటివాళ్ళు చప్పట్లు కొట్టారు. జెనిఫర్ చేతులు కడుక్కుని, చల్లారిన సాంబారన్నం తినేసింది.

ఆదివారం చర్చి అయ్యాక ఇంట్లో కిటికీలు మూసి, ల్యాబు నుంచి తెచ్చిన దీపంతో ఆ గుర్తును అమ్మ అన్నమ్మకు చూపించింది. అన్నమ్మ కాగితాన్ని వేళ్ళతో తడిమింది.

"ఇట్లాంటిది అసలు మందు మీద ఉండింటే, మనం తెచ్చింది దొంగదని తెలిసుండునా?"

"తెలిసుండును మా."

అన్నమ్మ లేచి కిటికీ తెరిచింది. "నీ తప్పు గాదు పాపా," అంది.

ఆ మాట తగలాల్సిన చోట తగల్లేదు. జెనిఫర్ తలూపి దీపాన్ని సంచిలో సర్దుకుంది.

వానలు మొదలవగానే చెమ్మకు గుర్తు మసకబారింది. పైన సన్నని పూత వేసి ఆ లోపం సరిచేసింది. ఒక చిన్న మందుల కంపెనీ నమూనా అడిగితే పంపింది.

"వాళ్ళకు నచ్చిందంట. ఇంకొంచెం పంపమంటాండారు," అన్నాడు దేవరాజులు, ఆమె ముఖంలోకి చూస్తూ.

"సరే సార్," అని జెనిఫర్ సిరాకు కావాల్సిన పొడి తూచడానికి కూర్చుంది.