రెండు స్టీరింగుల టర్బో బండి

చిన్న మంగళారం ఊళ్లో ఉండే శశిధర్ ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఏ పనీ తొందరగా చేయలేదు. డిగ్రీ ఆలస్యంగా పూర్తి చేశాడు. పెళ్లి ఇంకా ఆలస్యంగా చేసుకున్నాడు. అన్నానికి కూర్చుంటే, తల్లి అరుణమ్మ తిని, గిన్నెలు సర్ది వచ్చేసరికి అతను ఇంకా పప్పు దగ్గరే ఉండేవాడు. చేలో చామంతి, టమాట వేసేవాడు. చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లలో జరిగే పెళ్లిళ్లకు పూలు పంపేవాడు. ఒకసారి ఊరి పెద్దమనుషులు వచ్చి సర్పంచ్‌గా నిలబడమని అడిగితే ఆలోచించి చెప్తానన్నాడు. ఎన్నికలయ్యాక చెప్పాడు.

అటువంటి మనిషి సెకండ్ హ్యాండ్‌లో టర్బో పెట్రోలు కారు కొన్నాడు. టర్బో అని కొనలేదు. తెల్లగా ఉంది, ఏసీ బాగుంది అని కొన్నాడు. ఒకరోజు చేవెళ్ల నుంచి వస్తూ, ఎత్తు మీద బస్సును దాటడానికి యాక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. బండి ఒక్క క్షణం తటపటాయించి ముందుకు దూకింది. వీపు సీటుకు అతుక్కుంది. చూస్తుండగానే బస్సు అద్దంలో అగ్గిపెట్టంత అయింది. శశిధర్ ఇంటికొచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు గానీ, ఆ పూట అన్నం గబగబా తినేశాడు.

"పెయ్యి బాగలేదా బిడ్డా?" అని అడిగింది అరుణమ్మ.

మొయినాబాద్‌లో గ్యారేజీ నడిపే రత్నాకర్ అతనికి బడి స్నేహితుడు. ఆదివారం చర్చిలో డ్రమ్స్ వాయిస్తాడు, మిగిలిన రోజుల్లో కార్ల వేగం పెంచుతాడు. శశిధర్ చెప్పింది విని, డాక్టరులాగా తల ఊపాడు.

"నీ ఇంజన్‌ల ఇంకా దమ్మున్నదిరా. కంపెనోడు గొంతు పిసికి పెట్టిండు. లోపటి కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్ మారుస్తే చాలు, ఊపిరి తీసుకుంటది."

"ఇంకేం మార్చొచ్చు?"

రత్నాకర్ ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. సైలెన్సరు వెడల్పుది వేయొచ్చు. సీట్లు తీసి రేసు సీట్లు పెట్టొచ్చు. బరువు తగ్గించడానికి వెనక సీటు పూర్తిగా పీకేయొచ్చు.

"వెనక మా అమ్మ పూల గంపలు పెడ్తదిరా."

"సరే, సీట్లు ఉండనీ. స్టీరింగ్ మార్చుదాం. చిన్నది, తోలుది. చేతుల పట్టుకుంటే తెలుస్తది నీకు."

సాఫ్ట్‌వేరూ మారింది, స్టీరింగూ మారింది. పాత స్టీరింగ్ మధ్యలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి అది కూడా అట్టపెట్టెలోకి వెళ్లింది. దాంతో డ్యాష్‌బోర్డు మీద ఒక ఎర్ర దీపం వెలిగింది. రత్నాకర్ ఒక చిన్న ముక్కను వైర్ల మధ్య పెట్టాడు. బ్యాగు ఉన్నట్టే బండి నమ్మింది, దీపం ఆరిపోయింది. శశిధర్‌కు కూడా సమస్య తీరినట్టే అనిపించింది.

అతని భార్య సమత ఒక ప్రైవేటు దవాఖానలో ఫిజియోథెరపిస్ట్. రోడ్డు ప్రమాదాల్లో ఎముకలు విరిగి, అతికిన తర్వాత మనుషులు ఆమె దగ్గరికి వస్తారు. వాళ్లకు కాలు వంచడం, చెయ్యెత్తడం మళ్లీ మొదటి నుంచి నేర్పుతుంది. ఇంట్లో ఎవరినీ భయపెట్టదు. "ఇయ్యాల ఒకాయన మోకాలు సగం దాకా వంచిండు, వాళ్లింటోళ్లు స్వీట్లు పంచిండ్రు" అని మాత్రం చెప్పి, ఆ స్వీటు తీసి ఇస్తుంది.

ఆ సాయంత్రం ఆమెను దవాఖాన దగ్గర ఎక్కించుకున్నాడు. సమత కొత్త స్టీరింగ్‌ను కాసేపు చూసింది.

"దీంట్ల బ్యాగు ఎక్కడున్నది?"

"దీంట్ల ఉండదు."

"నా దిక్కు?"

"నీ దిక్కు ఉన్నది. అది ముట్టలే."

సమత కిటికీలోంచి బయటకు చూసింది. "అంటే దేనికన్న గుద్దుకుంటే నేను దిగి నడుస్త. నువ్వు మా వార్డుకు వస్తవు."

శశిధర్ గేరు మార్చాడు.

"రా, ఫికర్ లేదు. నేనే చూసుకుంట. కానీ మొదటి నెల నొప్పికి మొత్తుకుంటరు చాలామంది. నువ్వు మొత్తుకుంటవో లేదో తెల్వది, ఎప్పుడూ చూడలే."

ఆ రాత్రి శశిధర్ ఫోన్లో కార్లను గోడకు గుద్ది పరీక్షించే వీడియోలు చూశాడు. బొమ్మ మనిషి తల ముందుకు వెళ్లి, తెల్లటి సంచిలో మునిగి, వెనక్కి వస్తుంది. సంచి లేని బండిలో తల ఎక్కడికి వెళ్తుందో కూడా చూశాడు. రెండో రకం వీడియోలు ఎక్కువ చూడలేకపోయాడు. పొద్దున్నే అట్టపెట్టె పట్టుకుని గ్యారేజీకి పోయాడు.

"పాతది పెట్టు" అన్నాడు.

రత్నాకర్ ముఖం చిన్నబోయింది. "నా బండిల నేను రెండేండ్ల సంది గిదే పెట్టుకుని తిరుగుతున్న. ఏమైంది నాకు?"

"నీకు ఏం కాలే. ఏమన్నయితే ఏమయితదో చూసినవా?"

"సమత ఏమన్న అన్నదా?"

"ఏమనలే. రమ్మన్నది."

పాత స్టీరింగ్ మళ్లీ ఎక్కింది, వైర్ల మధ్య పెట్టిన ముక్క బయటికొచ్చింది. సాఫ్ట్‌వేర్ మాత్రం తీయించడానికి శశిధర్‌కు మనసొప్పలేదు. చాలాసేపు ఆలోచించి, ఎక్కువైన వేగానికి తగ్గట్టు మంచి టైర్లూ, కొత్త బ్రేకు ప్యాడ్లూ వేయమన్నాడు. అటూ ఇటూ సరిపోయిందనుకున్నాడు.

ఇంట్లో ఇంకో సమస్య ఉంది. అరుణమ్మ ముందు సీట్లో కూర్చుంటుంది, బెల్టు పెట్టుకోదు. చీర నలుగుతుందంటుంది. బెల్టు లేకపోతే బండి టింగు టింగుమని మొత్తుకుంటుంది కదా, దాని నోరు మూయించడానికి బజారులో దొరికే ఇనప క్లిప్పు ఒకటి తెచ్చి బెల్టు గుచ్చేచోట గుచ్చింది. సమత ఒకరోజు ఆ క్లిప్పు పీకి, కారు అద్దం దింపి, టమాట చేలోకి విసిరేసింది.

"బెల్టు లేకుంటే బ్యాగు కాపాడది అత్తమ్మా, మూతి మీద గుద్దుతది."

"నేను వార్డు మెంబర్‌గా ఐదేండ్లు చేసిన. నన్ను ఎవ్వలు గిట్ల కట్టెయ్యలే" అంది అరుణమ్మ. అయినా ఆ టింగు టింగు భరించలేక బెల్టు పెట్టుకుంది.

పోయిన నవంబరులో తల్లీకొడుకులిద్దరూ సురంగల్‌లో బంధువుల ఇంట్లో ఒక ఫంక్షన్‌కు బయలుదేరారు. మధ్యాహ్నం పూట, దారి ఖాళీగా ఉంది. తిన్నటి రోడ్డు కనిపించేసరికి శశిధర్ కాలు దాని పని అది చేసింది. వేగం తొంభై దాటింది. మలుపు తిరగగానే సగం రోడ్డు నిండా మక్కజొన్న గింజలు ఆరబోసి ఉన్నాయి. మిగతా సగంలో ఎదురుగా ట్రాక్టరు వస్తోంది. శశిధర్ బ్రేకు మీద నిలబడ్డాడు. కొత్త ప్యాడ్లు పట్టుకున్నాయి, కొత్త టైర్లూ పట్టుకోవాలనుకున్నాయి గానీ, వాటి కింద ఉన్నది రోడ్డు కాదు, గోలీల్లా దొర్లే గింజలు. బండి మెల్లమెల్లగా వేగం తగ్గుతూనే జారుకుంటూ వెళ్లి కల్వర్టు గోడను గుద్దింది.

పెద్ద చప్పుడు, తెల్లటి పొడి, కాలిన వాసన. శశిధర్ ముఖం సంచిలోంచి బయటికి తీసేసరికి అది అప్పటికే చప్పబడి ఒళ్లో వేలాడుతోంది. పక్కకు తిరిగాడు.

"అమ్మా?"

అరుణమ్మ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, ఎదురుగా పగిలిన అద్దాన్ని చూస్తోంది. "నా కండ్లద్దాలు యాడ పడ్డయో చూడు" అంది.

ట్రాక్టరు అతను తలుపు లాగి ఇద్దరినీ దింపాడు. శశిధర్ మణికట్టు వాచింది. అరుణమ్మకు భుజం నుంచి నడుం దాకా బెల్టు ఆనవాలు ఎర్రగా తేలింది. ఇంకేమీ లేదు. అప్పుడే మక్కల యజమాని అంతమ్మ చేను గట్టు మీంచి ఉరికొచ్చింది. మనుషుల్ని చూసింది, నిలబడే ఉన్నారని రూఢి చేసుకుంది, తర్వాత మక్కలు చూసి తల పట్టుకుంది.

"మొత్తం గాజు పెంకులే గదనే! కోళ్లకు గూడ పనికిరావు!"

"రోడ్డు నీ కల్లమా?" అన్నాడు ట్రాక్టరు అతను.

"ఇంకెక్కడ పోయాలె? కల్లం జాగల ప్లాట్లు చేసి అమ్మిండ్రు కద" అంది అంతమ్మ.

అరుణమ్మ కొంగు బిగించి రోడ్డు మీద కూర్చుంది. అంబులెన్సు వచ్చేదాకా అంతమ్మతో కలిసి గాజు తగలని మక్కలను ఒక పక్కకు తీసింది. శశిధర్ వద్దన్నాడు. "కూసుంటే చేతులు వణుకుతున్నయిరా, పని చెయ్యనీ" అంది. ఆ మాటకు శశిధర్ పక్కకు తిరిగి, కల్వర్టు గోడ మీద కూర్చుని, కొంచెం సేపు ఏడ్చాడు.

దవాఖానలో ఎక్స్‌రేలు చూసి, సమత భర్త మణికట్టుకు తనే కట్టు కట్టింది.

"ఎంత మీద పోతున్నవ్?"

"తొంభై."

"ఆ రోడ్డు మీద?"

"ఆ రోడ్డు మీదనే."

సమత కట్టును అవసరానికి మించి బిగించింది.

బీమా సర్వేయరు గ్యారేజీకి వచ్చి బండిని ఫోటోలు తీసుకుని, ఇంజన్‌లో ఏమైనా మార్పులు చేశారా అని అడిగాడు. రత్నాకర్ వెనక నుంచి వద్దు వద్దని సైగ చేశాడు. సర్వేయరు టీ తాగడం అయిపోయేదాకా ఆలోచించి శశిధర్ "చేసిన సార్" అన్నాడు. క్లెయిమ్ రాలేదు. బండి తుక్కు కింద అమ్ముడుపోయింది. దాన్ని అప్పగించేముందు రత్నాకర్ డ్రైవర్ సీట్లో కూర్చుని, ముందుకు వంగి, నుదురు ఎక్కడికి చేరుతుందో చూశాడు. మళ్లీ వంగి చూశాడు. ఆ వారమే, ఎవరూ అడగకుండానే, తన కారుకు పాత స్టీరింగ్ వేసుకున్నాడు. అతని భార్య జెన్నీ ఎందుకని అడిగితే తోలు చిరిగిందన్నాడు.

ఈ వేసవిలో శశిధర్ ఇంకో కారు కొన్నాడు. ఈసారి రంగు, ఏసీ చూడలేదు. గోడకు గుద్దిన పరీక్షలో ఎన్ని నక్షత్రాలు వచ్చాయో చూశాడు, ఎయిర్‌బ్యాగులు లెక్కపెట్టుకున్నాడు. చివర్లో, ఎవరూ వినకుండా, టర్బో ఉందా అని సేల్స్ అమ్మాయిని అడిగాడు. ఉందంది.

మొదటి సర్వీసు రోజున రత్నాకర్ బానెట్ ఎత్తి, చాలాసేపు లోపలికి చూశాడు.

"దీంట్ల గూడ దమ్మున్నదిరా" అన్నాడు నెమ్మదిగా.

"ఉండనీ."

"ముట్టవా?"

శశిధర్ ఆలోచించాడు. "ఇయ్యాలటికైతే ముట్ట" అన్నాడు.