ఆన్ చేస్తే ఆటే రావాలి

మా ఆయన కిడ్నీలు రెండూ పోయి అప్పటికి ఏడాదిన్నర. సోమ, బుధ, శుక్రవారాలు మా రాజుపాలెం నుంచి బస్సెక్కి పేట ఆసుపత్రికి డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళం. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చి నాలుగు గంటలు పడుకోబెడతారు. ఆ చెయ్యి కదపకూడదు. ఇరవై ఏళ్ళు కంకర లారీ తోలిన మనిషి, కాలు ఒకచోట నిలవని మనిషి, ఫ్యాను చూస్తూ పడి ఉండాలి. నన్ను లోపలికి రానివ్వరు. బయట వరండా బల్ల మీద జాకెట్లకి హుక్సులు కుట్టుకుంటూ కూర్చునేదాన్ని.

ఒక శుక్రవారం తిరుగు బస్సులో ఉన్నట్టుండి అన్నాడు, "నేనింక రానే. నా వల్ల కాదు."

"రాకపోతే ఏమవుద్దో తెలుసా నీకు?"

"తెలుసు. సూదులు కాదే, ఆ నాలుగు గంటలు. చానా పొడుగు."

తిట్టే ఓపిక కూడా నాకు లేదు. నిజం చెప్పొద్దూ, ఇక ఈ బస్సులు ఉండవని ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది.

లారీ తోలే రోజుల్లో కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్న ఇటుకల గేమొకటి ఆయన క్యాబిన్‌లో ఉండేది. పైనుంచి ముక్కలు పడుతుంటే వరసలు పేర్చే ఆట. లోడింగ్ ఎంత ఆలస్యమైనా దాంతో గడిపేసేవాడు. అది గుర్తొచ్చి పేటలో సెల్లు షాపువాణ్ణి అడిగితే, పాత ఆటలన్నీ ఒకే డబ్బాలో ఉండే కొత్త రకం ఇచ్చాడు. అరచేతిలో పడుతుంది. "ఈ ఒక్క వారం చూడు, తర్వాత నీ ఇష్టం" అని బతిమాలి సోమవారం బయల్దేరదీశాను.

నాలుగు గంటల తర్వాత వచ్చి దాన్ని నా ఒళ్ళో పడేశాడు. "ఆట యాడుందే ఇందులో?"

ఆన్ చేస్తే ముందు బొమ్మలు, తర్వాత పాతకాలం గేము మిషన్ల పేర్లు, వాటి కింద వందల ఆటలు, అన్నీ ఇంగ్లీషే. ఒక్క చేత్తో తడిమి తడిమి భాషని చైనా వాళ్ళదిగా మార్చేసుకున్నాడు. నర్సుని అడిగితే "నా పని కాదు బాబాయ్" అందట. ఆ పిల్ల మాత్రం ఎంతమందినని చూస్తుంది.

మర్నాడు కుట్టు పని పక్కన పెట్టి ఫోన్లో వీడియోలు చూస్తూ కూర్చున్నాను. చైనా అక్షరాల్లోంచి బయటపడటానికే సగం పొద్దు పోయింది. నా పదో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుని చివరికి పట్టుకున్నాను. ఆన్ చేయగానే జాబితాలేవీ లేకుండా నేరుగా ఒకే ఆటలోకి వెళ్ళే సెట్టింగ్ ఉంది. అది పెట్టాను. ఒక్క బొటనవేలితో ఆడుకునేలా ముక్కని తిప్పే మీట కూడా బాణం గుర్తుల్లోకే మార్చాను. ఒకసారి ఆడి చూసి, ఓడిపోయి, ఆపేసి సంచిలో పెట్టాను.

బుధవారం బయటికొచ్చినప్పుడు ఆయన మొహంలో కళ లేదు. "ఆన్ చేస్తే ఆట అయిపోయిందని వచ్చింది. ఆపి మళ్ళీ చేస్తే మళ్ళీ అదే. ఆడకముందే ఓడిపోయాను చూడు. శుక్రవారం ఒక్కటీ వస్తా, నీ మాట కోసం. ఆ తర్వాత అడగమాక."

ఆ దరిద్రపు డబ్బా ఎక్కడ ఆపితే అక్కడినుంచే మొదలవుతుందట. నేను ఓడిపోయిన ఆటని నాలుగు గంటలూ ఆయనకి చూపించింది. కిందేసి తొక్కాలనిపించింది. గురువారమంతా అలా చేసే సెట్టింగ్ ఎక్కడుందో వెతికాను. జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు నన్ను నాలుగు మాటలని పోయారు. అది తీసేశాక, ఆన్ చేసి ఆపి, ఆన్ చేసి ఆపి, పదిసార్లు చూసుకున్నాను. ప్రతిసారీ ఖాళీ తెర మీద మొదటి ముక్క పడింది.

శుక్రవారం వరండాలో ఒక్క హుక్కూ సరిగా పడలేదు. రెండు గంటలు గడిచాక నర్సు తలుపు తీసి, "పిన్నీ, బాబాయ్ ఆ టింగుటింగులు ఆపట్లేదు, పక్క బెడ్డాయన గొడవ చేస్తన్నాడు" అంది. సౌండు తగ్గించే మీట ఎక్కడుందో చెప్పాను. ఆ పిల్ల లోపలికి పోయాక జాకెట్టు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

బయటికొచ్చాక ఆయన డబ్బాని నా సంచిలో పెట్టాడు. సోమవారం సంగతి అడగటానికి నాకు భయం. డయాలసిస్ అయిన రోజు ఎటూ మాట్లాడే ఓపిక ఉండదు. బస్సులో సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఊరు దగ్గర పడ్డాక, కళ్ళు తెరవకుండానే అన్నాడు, "సోమవారానికి దానికి ఛార్జింగ్ పెట్టు. మర్చిపోమాక."

పెడతాలే అన్నాను. డబ్బా సంచిలో ఉందో లేదో ఇంకోసారి తడిమి చూసుకున్నాను.