ఖాలా విన్న గది

మొన్న సాయంత్రం దేవుడికి దీపం పెట్టి లేస్తుండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది, పక్కింటి టీవీ ఆగింది. ఒక్కసారిగా నా ఇల్లు నాకు వినబడింది. వత్తి చిటపట, నల్లా కింద బకెట్లో ఒక్కో చుక్క. నేనొక్కదాన్నే ఉండే ఇల్లు కనుక మాట్లాడే పని ఎటూ లేదు. అయినా ఎవరో మందలించినట్టు కదలకుండా నిలబడిపోయాను. అది మా చిన్నాయన నేర్పిపోయిన అలవాటు.

చిన్నాయన మా నాన్న తమ్ముడు. డాక్యుమెంటరీ సినిమాలు తీసేవాడు. పాటలూ ఫైట్లూ లేని సినిమా ఎవరు చూస్తారని మా వికారాబాద్‌లో చాలామంది అడిగారు. ఆయన తీస్తూనే పోయాడు. సొంత ఊరు విడిచి ఇంకోచోట బతికేవాళ్ల సంగతులంటే ఆయనకు ప్రాణం. వాళ్లు మాట్లాడటం అయ్యాక వెంటనే టేపు మిషను ఆపేవాడు కాదు. అందర్నీ కదలకుండా కూర్చోబెట్టి ఆ గది చప్పుడును కాసేపు టేపు మీద పట్టేవాడు. మాటకూ మాటకూ మధ్య అతుకు తెలియకుండా వేయడానికి అది కావాలట. "మనుషులు చెప్పిన్రు. ఇగ ఇల్లు చెప్పనియ్యిండ్రి" అనేవాడు. మా అమ్మ వంటింట్లోంచి, "అందరి మాటలు పట్టుకొస్తవు మరిదీ, పెండ్లి మాట ఒక్కటి పట్టకపోతివి" అని చురక అంటించేది. "గిది గూడ టేపుల పడ్డది వదినె" అని ఆయన బెదిరించేవాడు.

నాకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. బడికి పోలేదు. తెలుగూ, తాను చదువుకున్న ఉర్దూ నాన్నే ఇంట్లో నేర్పాడు. ఆ రుణం ఏ పూజతోనూ తీరదు. అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడులు మూతపడ్డప్పుడు వీధిలో పిల్లలంతా నాలాగే అయ్యారు. నాకది పండుగ. తెరిచాక మళ్లీ నేనూ, కిటికీ.

కొన్నేళ్లకు తాండూరు బండల గనుల్లో పనికి ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ల మీద చిన్నాయన సినిమా మొదలుపెట్టాడు. ఆడవాళ్ల దగ్గర కూర్చోవడానికి ఉర్దూ వచ్చిన ఆడపిల్ల కావాలని నన్ను ప్యాసింజర్ ఎక్కించాడు. అలా ఖాలా ఇంటికి వెళ్లాం. ఖాలా అంటే పిన్ని, అలాగే పిలవమంది. గనుల వాళ్లకు గదులు కిరాయికిచ్చి, బొంతలు కుట్టుకుంటూ ఒంటరిగా ఉండేది. మొహం సినిమాలో పడొద్దు, గొంతు పడితే ఫికర్ లేదు అంది. పరదా అవతల చిన్నాయన, ఇవతల ఆమె పక్కన మైకు పట్టుకుని నేను. కిరాయిదార్ల గురించి ఆయన అడుగుతుంటే ఉన్నట్టుండి సూది ఆపింది.

"వచ్చినోళ్లనే అడుగుతున్నవు సాబ్. పోయినోళ్లని ఎవలడగాలె?"

పోలీసు యాక్షన్ తర్వాత ఆమె చెల్లెలు భర్తతో కరాచీ వెళ్లిపోయిందట. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి. యుద్ధాలొచ్చాక అవీ ఆగిపోయాయి. "నా గొంతు ఒకపారి దానికి ఇనిపియ్యి. నేనున్ననని ఎరుకైతె సాలు" అని, మైకును చెల్లెలి చెంప అనుకుందేమో, దగ్గరికి జరిగి తన దక్కనీ ఉర్దూలో "మున్నీ, ఎక్కడున్నావే" అని మొదలుపెట్టింది. తర్వాత అలవాటు ప్రకారం గది చప్పుడు పట్టాం. దాన్నిండా నా ఆయాసపు పిల్లికూతలే. "ఇల్లు గాదు, నువ్వే చెప్తున్నవు బిడ్డా" అని చిన్నాయన నవ్వాడు.

ఆ తర్వాత ఆయన బొంబాయి వెళ్లాడు, అక్కణ్ణించి పరదేశాలు. గల్ఫ్‌లో కూలీలు, ఇంగ్లండులో మిల్లు పనివాళ్లు. ఉర్దూ తెలిసిన ప్రతి ఇంట్లోనూ తన పనయ్యాక ఖాలా టేపు పెట్టి, ఈ గొంతు ఎరుకేనా అని అడిగేవాడట. వికారాబాద్ దాటితే తాండూరు తప్ప ఎరగని నా ఊపిరి కూడా అలా ఎన్ని ఇళ్లకు పోయి వచ్చిందో! నేను మాత్రం ఏటా రంజానుకు ఖాలాను చూసి వచ్చేదాన్ని. తలుపు తీసి "రా బిడ్డా" అనేది. ఏమీ అడిగేది కాదు. నా వెనక ఎవరైనా వచ్చారేమోనని చూసేది, అంతే.

ఎనభైల్లో ఒకసారి చిన్నాయన వచ్చీ రాగానే తాండూరు పోదాం పద అన్నాడు. పరదా ముందు కూర్చుని సూటిగా చెప్పేశాడు. ఇంగ్లండులో ఒకావిడ టేపు విని, మా అమ్మ గొంతు ఇలాగే ఉండేదని ఏడ్చిందట. మున్నీ కూతురే. ముసలితనంలో మున్నీ ఆ కూతురి దగ్గరికే చేరి, కిందటి చలికాలంలో పోయింది.

ఖాలా చేతిలో సూదిని బొంతకు గుచ్చి పక్కన పెట్టింది. "మరి ఏం తెచ్చినవు సాబ్?" అంది.

"ఆమె ఉన్న గది తెచ్చిన."

ఖాలా తన చేత్తోనే పరదా పక్కకు జరిపింది. ఆయన టేపు పెట్టాడు. గోడ గడియారం. అద్దాల కిటికీకి కొట్టుకునే గాలి. మధ్యలో ఎవరో మెట్ల మీద ధనధనా దిగిన చప్పుడు.

"మల్ల పెట్టు."

మళ్లీ పెట్టాడు.

"గా మెట్ల మీద ఎవలు?"

"మున్నీ మనుమరాలు. కదలకు అంటే ఇనలె."

ఖాలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "గా ఉరుకుడు మా మున్నీదే" అంది.

ఇప్పుడు ఖాలా లేదు, చిన్నాయనా లేడు. ఆ టేపులు ఎవరి దగ్గరున్నాయో తెలియదు. మొన్న చీకట్లో చెవులు రిక్కించాను. నా ఇంట్లో మెట్లు దిగి పరుగెత్తేవాళ్లెవరూ లేరు. చుక్క చుక్కా నల్లా, నా పిల్లికూతలు, అంతే. అయినా దీపానికి మరోసారి దండం పెట్టుకున్నాను. ఇన్నేళ్లలో అందరినీ తీసుకుపోయిన కాలం, ఈ ఇంటి చప్పుడు వినడానికి నన్నొక్కదాన్నైనా ఇంకా కూర్చోబెట్టే ఉంచింది.