నెబ్యులా ఎరుపు ఎంత నిజం

2024 ఫిబ్రవరి. తిరుపతిలో మా ఫొటో ల్యాబ్‌లో పెళ్ళి ఆల్బమ్‌ల పని ఊపిరాడనివ్వడం లేదు. అప్పుడు పాకాలలో సైన్సు చెప్పే సుజాత మేడం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది. అందులో వాళ్ళ మిద్దె మీది నుంచి తీసిన ఈశాన్య ఆకాశం ఫొటో ఉంది. నడిమధ్యన నెబ్యులా, అంటే నక్షత్రాల మధ్య ఉండే వాయువుల మేఘం.

"సూడన్నా, ప్రివ్యూలో ఎర్రంగా ఉండాది. ఫుల్ ఇమేజ్‌కి కొడితే బూడిద మాదిరి అయిపోతాది. రేపు బడిలో ఎగ్జిబిషన్. రంగు నువ్వే పూసినావు గదా అని హెడ్మాస్టరు అప్పుడే అంటాండాడు. ఏది నిజమో నాకే తెలీకపోతే పిల్లోళ్ళ ముందర ఎట్ల పెట్టేది?"

ప్రివ్యూ అంటే ఫొటోలో కొంత భాగానికి పెట్టె గీసి, వెలుగు పెంచడం లాంటి మార్పును ముందు అక్కడే పరీక్షించుకోవడం. ఇదెంత పని అనుకున్నాను. మానిటర్ మార్చాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. అదే బూడిద. ఒళ్ళు మండింది.

మళ్ళీ పెట్టె గీశాను, సరిగ్గా మేఘం మీదే. "పెండ్లికూతురి మొగం బాగుంటే ఫొటో బాగున్నట్టే మేడం, మా పనిలో అంతే" అన్నాను.

ఆవిడ నవ్వింది. "నీ పెండ్లికూతురు సరే. ఆ మూల పసుప్పచ్చ వెలుగు పెట్టెలో యాడుండాదన్నా?"

పెట్టెనూ మొత్తం ఫొటోనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఫొటోను ఎంత వెలిగించాలో సాఫ్ట్‌వేర్ తన ముందున్నదాన్ని కొలిచి నిర్ణయిస్తుంది. పెట్టెలో ఉన్నది మేఘం ఒక్కటే. మొత్తం ఫొటోలో కింది మూలన తిరుపతి, తిరుమల దీపాల వెలుగు కూడా ఉంది. దాంతో వెలుగు ఇప్పటికే ఎక్కువైందనుకుని మేఘాన్ని అణిచేస్తోంది.

"పెట్టెకీ మొత్తం ఫొటోకీ ఒకే కొలత ఇయ్యాల మేడం. పెండ్లి ఫొటోలో రంగు తేలకపోతే ఎవురిదైనా తెల్ల పంచె సూసి సరిచేస్తాం. దీంట్లో పంచె యాడుండాదో మీరే సెప్పల్ల."

ఆవిడ చాలాసేపు వెతికి, మేఘమూ దీపాల వెలుగూ తగలని ఖాళీ చీకటి ముక్క ఒకటి చూపించింది. దాన్నే రిఫరెన్స్‌గా, అంటే కొలతకు ఆధారంగా పెట్టాను. ఈసారి పెట్టెలోనూ మొత్తం మీదా ఒకే రంగు వచ్చింది. మొదటి ఎరుపంత కాదు, కడిగిన కుంకుమంత.

"కావాలంటే ఎరుపు పెంచుతా, ఆ మూల వెలుగు తీసేస్తా" అన్నాను.

"వద్దన్నా. ఇట్లే ప్రింటు తియ్యి."

మరుసటి సాయంత్రం ఫోన్ చేసింది. హెడ్మాస్టరు మళ్ళీ అదే అడిగాడట. "రంగు పూసేదాన్నయితే ఆ తిరుమల లైట్లు ఎందుకుంచుతాను సార్ అని అడిగితి. ఆ మూల దగ్గరికొచ్చి సూసి, పిల్లోళ్ళకు ఆయనే సూపిచ్చినాడన్నా!" అంటూ పకపకా నవ్వింది. నాకూ సంతోషం పట్టలేదు.

అప్పట్నుంచి పెళ్ళికూతురి మొహం పెద్దది చేసే ముందు ఫొటో నాలుగు మూలలూ చూస్తున్నాను. నేను తీసేస్తానన్న మూలే ఆ రోజు ఆవిడ మాట నిలబెట్టింది.