యాకూబ్ చాచా వాలు అక్షరాలు

యాకూబ్ చాచాకు తెలుసా, తెలియదా?

ఏడేళ్లుగా నాలో ఇదే ప్రశ్న.

నిన్న పొద్దున ఆయన కూతురు షబానా ఫోన్. "అక్కా, అబ్బా పోయిండు. దవాఖానాకు తీస్కపోయే లోపట్నే."

ముందు ఏడుపు రాలేదు. ఇక అడగడానికి మనిషే లేడని అర్థమయ్యాక వచ్చింది.

తెలియనివాళ్ల కోసం: పాల్వంచలో చాచాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. నేను పొద్దున కాలేజీలో పార్ట్ టైం పాఠాలు చెప్పి, మధ్యాహ్నం అక్కడ డీటీపీ చేసేదాన్ని.

మొదటిసారి పెళ్లికార్డులో పేర్లకు ఇటాలిక్ నొక్కితే ఆయన పకపకా నవ్వారు.

"గిది వాలుడు కాదు బిడ్డా, తాగి తూలుడు!"

మన గుండ్రటి అక్షరాలను ఊరికే పక్కకు వంచితే దొర్లిపోతాయట. అందుకే ఒక్కో అక్షరం పొట్ట సన్నం చేసి, తలకట్టును గాలికి లేచిన కొంగులా సాగదీసి, ఇంకుతో చేత్తో గీశారు. నేను స్కాన్ చేసి ఫాంట్ చేశాను. ఏడాది పట్టింది. మా ఊరి ఫ్యాక్టరీల కాలనీల్లో ఏ పెళ్లికార్డు చూసినా వధూవరుల పేర్లు ఆ అక్షరాల్లోనే.

ఆయన రూల్స్ రెండే. పేర్లకూ హెడ్డింగ్‌లకూ మాత్రమే వాడాలి, పేరా మొత్తం వాల్చొద్దు. ఫాంట్ షాపు దాటొద్దు.

రెండోది నేను తప్పాను. పినపాకలో జిరాక్స్ సెంటర్ పెట్టుకున్న నా క్లాస్‌మేట్ అడిగితే ఫ్లాపీలో ఇచ్చేశాను. చాచాకు చెప్పలేదు.

రెండు నెలలకు ఎస్సై వచ్చాడు. ఒక చేతిలో మేం వేసిన పెళ్లికార్డు. ఇంకో చేతిలో అడవి పక్క ఊళ్లో దొరికిన నక్సలైట్ల కరపత్రం.

హెడ్డింగ్ మా అక్షరాల్లోనే ఉంది.

"ఏందిది?"

"అక్షరాలు నావే సార్. అచ్చు కొట్టింది నేను కాదు."

"మరి ఇంకెవరి దగ్గరున్నయ్?"

నేను కీబోర్డ్ మీద టైపు కొడుతూనే ఉన్నాను. చెబితే ఇరుక్కునేది నా క్లాస్‌మేట్, నేను. చెప్పకపోతే చాచా.

చాచా నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"ఎవ్వరి దగ్గర లెవ్వు సార్. ఆమె కాలేజీ మేడం. టైపు కొట్టి పోతది. ఆమెకేం తెల్వదు."

నన్ను నమ్మి అన్నారా? తెలిసే అన్నారా?

జీపెక్కించారు. మూడు రోజులు ఉంచారు. నేను స్టేషన్ గేటు దాకా కూడా పోలేదు.

తిరిగొచ్చాక కుర్చీలో మెల్లగా కూర్చుని ఒక్క మాటే అన్నారు. "ఆ ఫాంట్ తీసెయ్ బిడ్డా."

తీసేశాను. ఆయన మళ్లీ వాలు అక్షరం గీయలేదు.

షబానా, "అబ్బా అవి ఎందుకు బంద్ చేసిండక్కా?" అని నిన్న నువ్వు అడిగితే, సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేశాను. సిగ్నల్ ఉంది. ఇదీ జవాబు. ఇక నాతో మాట్లాడకపోయినా నీ తప్పు కాదు.

మళ్లీ నన్ను అదే కీబోర్డ్ ముందు కూర్చోబెట్టి, అదే ఎస్సై అడిగితే నోరు తెరుస్తానా?

తెరుస్తాను అని రాసి, రెండుసార్లు కొట్టేశాను. నిజంగా తెలియదు.

ఖుదా హాఫిజ్, చాచా. ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగని చోట నిమ్మళంగా ఉండండి.