సగ్గుబియ్యం డబ్బాలో యూరియా

“చిన్నప్పుడు అక్క నాకు యూరియా తాగించబోయింది” అని మా తమ్ముడు ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ అందరినీ నవ్విస్తాడు. అబద్ధం! మొన్న యాప్రాల్‌లో వాడి మిద్దె తోటకు వెళ్తే, యూరియా పచ్చడి సీసాలో కనిపించింది. ఒళ్లు మండింది.

మా చిన్నప్పుడు మేము మౌలాలి రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. మండుటెండలో అమ్మ పాయసానికి సగ్గుబియ్యం నానబెట్టమంది. డబ్బాలోని తెల్లటి గింజలు నీళ్లలో పోశాను. గిన్నె చల్లబడింది, గింజలు మాయమయ్యాయి. నా చేతిలో ఏదో మహిమ ఉందనుకున్నాను.

“తమ్మీ, ముట్టి చూడు, ఐసు లెక్క ఉంది!”

దాహంతో ఉన్న వాడు గిన్నెను నోటిదాకా ఎత్తాడు. అమ్మ ఒక్క దెబ్బతో దాన్ని పడగొట్టి, రెండోది నా వీపు మీద వేసింది.

“కండ్లు కనబడ్తలేవా? గులాబీలకేసే యూరియా గిది!”

“సంచిల నెమ్ము పడుతదని నేనే గా డబ్బల పోసిన,” అన్నాడు నాన్న, పేపర్లోంచి తలెత్తకుండా.

అమ్మ నేల తుడిచి, ఆయనకు చాయ్ పెట్టింది.

వంటింటి డబ్బాలో ఉన్నది తిండేననుకోవడం ఏడేళ్ల పిల్ల తప్పెలా అవుతుంది? అది పోనీ. అమ్మా, నన్ను కొట్టినవ్ సరే, నాయినను ఒక్క మాటన్నా ఎందుకు అనలేదు?