కొసరు చేపలు

నా చిన్నప్పుడు మా ఇంట్లకు బేరమాడకుండ వచ్చిన వస్తువు ఒక్కటీ లేదు. నన్ను సైతం మంత్రసానితో బేరమాడే బయటికి తీయించిండని మా బాపును చూసి సుల్తానాబాద్ బజారంత నవ్వేది. మాది కిరాణా దుకాణం. ఏది కొన్నా చివర కొసరు వేయించుకోకుండ రావడం మాకు నామోషీ. ఆ విద్య నాకూ బాగనే అబ్బింది.

ఆ ఏడు మా చిన్నమ్మ, అంటే నన్ను కన్న అవ్వకు చెల్లె, పురిట్లనే బిడ్డను పోగొట్టుకొని మా ఇంటికొచ్చింది. మాట లేదు, సరిగ్గ తిండి లేదు. గోడ దిక్కు తిరిగి కూచునేది. అత్తగారింటి కాడ బొగ్గుగనుల కాలనీల పక్క క్వార్టర్ బెంగాలీ ఆమె చేపల తొట్టి పెడితే చిన్నమ్మ గంటలకొద్ది చూసేదని అవ్వకు యాదికొచ్చింది. బాపు అద్దాలాయనతోని గీచి గీచి బేరమాడి ఓ గాజుతొట్టి చేయించిండు.

దాన్ని చూసి చిన్నమ్మ లేచింది. మానేరు వాగు ఇసుక తెప్పించి, నీళ్లు తేటగ వచ్చేదాక కడిగింది. కాలువల నుంచి నేను వేర్లతోని పీకి తెచ్చిన నీటిమొక్కలను ఒక్కొక్కటే నాటింది. అవి లేచిపోకుండ లోపల కంచం పెట్టి, దాని మీద మెల్లగ నీళ్లు పోసింది. అంతే, చేపలు వద్దని చెయ్యి ఊపింది.

వచ్చినోళ్లంత బాపును ఆటపట్టిచ్చేటోళ్లు. "ఏం సేటు, సరుకు లేని దుకాణం తెరిచినవా?" బాపుకు తల కొట్టేసినట్టయ్యేది. చిన్నమ్మ మాత్రం నన్ను పక్కన కూచోబెట్టుకొని, ఎన్నో రోజులకు నోరు తెరిచింది.

"ముందుగాల వేర్లు పట్టాలె బిడ్డా. నీళ్లు కుదురుకోవాలె. అప్పుడే పానమున్నదాన్ని ఏయాలె."

ఒకనాడు కొత్త చిగురు చూపించనీకి తనే నన్ను పిలిచింది. ఆ పూట అడిగి అన్నం పెట్టించుకున్నది. అవ్వ వంటింట్ల కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది.

ఆ సంబురం బాపును ఆగనియ్యలే. చిగురుకే అన్నం తిన్నది, చేపలొస్తే నవ్వుతదనుకొని కరీంనగర్ పోయిండు. అంత తొట్టికి మూడు నాలుగు చాలని అమ్మెటాయన చెప్తే వినలే. గొంతు పోయేదాక కొట్లాడి, కొసరు మీద కొసరు వేయించుకొని, సంచి నిండ చేపలతోని బస్సు దిగిండు. "ఇంక ఆగాలె బావా" అని చిన్నమ్మ అంటుండంగనే తొట్టిల గుమ్మరించిండు. ఆమె కోసమే. మేమంత చప్పట్లు కొట్టినం.

రెండు మూడు రోజులకే నీళ్లు పాలలెక్క తెల్లబడ్డయి. చేపలన్ని మీదికొచ్చి నోళ్లు తెరిచినయి. ఎన్నిసార్లు నీళ్లు మార్చినా ఒక్కొక్కటే వెల్లకిల పడ్డది. చిన్నమ్మ ఎవ్వరినీ ముట్టనియ్యలే. తన చేత్తోనే తీసి, కొంగుల పెట్టుకొని పోయి పెరట్ల పాతింది. బాపు తల వంచుకొని నిలబడ్డడు. ఆమె తిట్టలే.

"ఆయన నీకు కొసరిచ్చిండు బావా. నీళ్ల కాడ కొసరుండదు గద."

మళ్లీ గోడ దిక్కు తిరిగింది. ఆ తర్వాత ఎన్నేండ్లు బతికినా ఎవరినీ పిలిచి ఏదీ చూపించలే.

ఈ వయసుల కూడ బజార్ల నా నోటికి అడ్డు లేదు, కూరగాయల బండ్లోళ్లు నన్ను చూస్తే దారి మార్చుకుంటరు. కాని మనిషిని పోగొట్టుకున్నోళ్ల ఇంటికి పోతే మాత్రం ఏమీ పట్టుకపోను, ధైర్యం చెప్పను. పక్కన ఊకె కూచుంట. నేను కూచున్నందుకు ఇంతవరకు ఎవరి దుఃఖమూ తగ్గింది లేదు. అయినా తొందరపడి లేవను.